పళ్లకు క్లిప్పులు వేయించాక ఇంట్లో ఏం చేయాలి?

విశాఖలో మా ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రానికి పది నిమిషాల నడక. కిటికీ ఊచలకు ఏటా రంగు వేయకపోతే తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. వాషింగ్ మెషీన్ కింద పెట్టే ఇనుప స్టాండును ఇప్పటికి రెండుసార్లు మార్చాం. అందుకే మా అమ్మాయి పళ్లకు క్లిప్పులు వేయించి ఇంటికి తీసుకొచ్చిన రోజు, మా అమ్మ దాని నోరు తెరిపించి చూసి మొట్టమొదట అడిగింది: "ఈ ఊరి ఉప్పుగాలికి తీగ తుప్పు పట్టదా నాయనా?"

పట్టదు. క్లిప్పుల్లో వాడే స్టెయిన్‌లెస్ స్టీలులో దాదాపు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి లోహం మీద కంటికి ఆననంత పలుచని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. మామూలు ఇనుముకు ఆ భాగ్యం లేదు, అందుకే మా స్టాండుకు ఆ గతి పట్టింది.

క్లిప్పుల శత్రువులు వంటింట్లోనూ బీచ్ రోడ్డు మీదా ఉంటారు. డాక్టరు నాలుగు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి, ఓ పావుగంట చూస్తారు. మిగతా రోజులన్నీ ఆ తీగ మన ఇంటి దయ మీదే బతకాలి. ఏడాదిన్నర, రెండేళ్లు సాగే వ్యవహారం కాబట్టి ఇంట్లో ముందే కొన్ని అలవాట్లు చేసుకోవాలి.

వేయించడానికి ముందు

క్లిప్పులు వేసే నిపుణుణ్ణి ఆర్థోడాంటిస్ట్ అంటారు. బీడీఎస్ చదివాక ఈ ఒక్క విభాగంలోనే మరో మూడేళ్లు ఎండీఎస్ చేసినవారు. బోర్డు మీద ఆ సంగతి చూసుకుని వెళ్లండి. ఖర్చు భారమనిపిస్తే రుషికొండ వైపు, భీమిలి దారిలో సంగివలస దగ్గర దంత వైద్య కళాశాలలున్నాయి, అక్కడ అడిగి చూడవచ్చు. పుచ్చు పళ్లు, గార ఉంటే ముందు అవి బాగు చేయించాకే క్లిప్పుల సంగతి.

చాలామంది చెప్పని విషయం ఒకటుంది. గిల్టు దుద్దులు పెట్టుకుంటే మీ అమ్మాయి చెవులు దురద పెట్టి ఎర్రబడతాయా? అలాగైతే ఆ మాట డాక్టరుతో ముందే అనండి. ఆ దురదకు చాలాసార్లు కారణం నికెల్. క్లిప్పుల తీగల్లోనూ అదే ఉంటుంది. వేరే రకం తీగ వాడాలో లేదో వారు చూసుకుంటారు.

మెత్తటి కుచ్చు బ్రష్, పళ్ల సందుల్లో దూరే బుల్లి బ్రష్‌లు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, తీగ గుచ్చుకుంటే అద్దే క్లిప్పుల మైనం, చేతి అద్దం కొని పెట్టుకోండి. వీటికి ఇంకో జత బడి సంచిలోకి.

మొదటి వారం వంట

తీగ బిగించిన కొన్ని గంటలకు సలుపు మొదలవుతుంది. మర్నాడు ఎక్కువగా ఉంటుంది, వారం తిరిగేసరికి దాదాపు పోతుంది. తీగ ఒత్తిడికి పంటి వేరుకు ఒకవైపు ఎముక కొద్దికొద్దిగా కరుగుతుంది, రెండోవైపు కొత్త ఎముక పూడుతుంది. పన్ను కదలడమంటే ఇదే. ఆ కదలిక మొదలయ్యే రోజుల్లో ఇడ్లీ కూడా బండలా అనిపిస్తుందని మా అమ్మాయి ఫిర్యాదు.

ఈ వారం అందరి చేయీ మిక్సీ మీదికే పోతుంది. నా మాట వింటే కుక్కర్ మేలు. అన్నం, కూర కలిపి మిక్సీలో తిప్పి పెడితే రెండో రోజుకే పిల్లలకు తిండి మీద విరక్తి పుడుతుంది. అదే కూరకు కుక్కర్‌లో రెండు కూతలు ఎక్కువ రానిస్తే రుచీ ఆకారమూ మిగులుతాయి, నమిలే పని మాత్రం తగ్గుతుంది. ముద్దపప్పు, పెసరకట్టు, సాంబారులో నానిన ఇడ్లీ, పెరుగన్నం, ముల్లు తీసిన వంజరం ముక్క అన్నీ సరిపోతాయి. మా ఇంట్లో పొద్దున పూట చోడి అంబలి నడిచింది. వేసవి అయితే తాటి ముంజలను మించినవి లేవు. పూరీ, చపాతీ ముందు పళ్లతో కొరక్కుండా చేత్తో చిన్న ముక్కలు చేసుకుని దవడ పళ్ల వైపు పెట్టుకోవాలి. మిక్సీని మామిడిపండు రసానికో, అరటిపండు లస్సీకో వాడండి. స్ట్రాతో తాగనివ్వకపోయినా పరవాలేదు గానీ, తాగాక నోరు పుక్కిలించాలి.

ఫ్రిజ్ చేసే మేలు ఇంకొకటి ఉంది. మొదట్లో వేసే సన్న తీగ చాలావరకు నికెల్, టైటానియం కలిసిన లోహం. ఎంత వంచినా పాత ఆకారానికి వచ్చేస్తుంది. ఈ గుణం బయటపడింది 1960 ప్రాంతంలో, అమెరికా నౌకాదళ పరిశోధనశాల ఒకదానిలో. నిటినాల్ అన్న ఆ లోహం పేరులో చివరి ముక్క ఆ శాల పేరు పొడి అక్షరాలే. తూర్పు నౌకాదళ కేంద్రమున్న మన ఊళ్లో ఈ కబురు చెబితే పిల్లలకు తీగ మీద కాస్త గౌరవం పుడుతుంది. సంగతేమిటంటే, ఈ తీగల్లో వేడికి స్పందించే రకాలు నోటి వెచ్చదనానికి బిగుస్తాయి, చల్లదనానికి కాసేపు మెత్తబడతాయి. సలుపు ఎక్కువగా ఉన్నప్పుడు చల్లటి మజ్జిగ నోట్లో పట్టి ఉంచితే కొద్ది నిమిషాలు హాయి. ఐసు ముక్క మాత్రం కొరకకూడదు, బ్రాకెట్ (తీగను పట్టి ఉంచడానికి పంటికి అంటించే బుల్లి దిమ్మ) ఊడివస్తుంది. నొప్పి మాత్ర వేయాలంటే ఏది, ఎంత అన్నది డాక్టరునే అడగండి.

పసుపు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బ్రాకెట్ల మీద తీగను పట్టి ఉంచే రబ్బరు రింగులు తెల్లవో, పారదర్శకమైనవో ఎంచుకుంటే రెండు పూటల పప్పుచారుతో పచ్చబడతాయి. ఎంత తోమినా పోదు. తర్వాతిసారి వెళ్లినప్పుడు రింగులు మారుస్తారు కనుక నష్టమేమీ లేదు, అందాకా పెళ్లి ఫొటోల్లో మాత్రం తెలుస్తుంది. పులిహోర మానుకోలేని ఇళ్లవాళ్లు బూడిద రంగో, ముదురు నీలమో అడగండి.

బీచ్‌కి వెళ్లినప్పుడు

ఆర్‌కే బీచ్ సాయంత్రాలు క్లిప్పులకు గండం. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తును పళ్లతో గీరడం అంటే బ్రాకెట్లను గోటితో పెకలించినట్టే. గింజలు ఒలిపించుకుని తినవచ్చు, అదీ లేత పొత్తు అయితేనే. మురీ మిక్చర్ కావాలంటే పల్లీలు, చేగోడీ ముక్కలు లేకుండా కలపమనండి. "అప్పుడది మురీ మిక్చర్ ఎలా అవుతుంది నాన్నా?" అని మా అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

జంతికలు, చెక్కలు, వేరుశనగ పట్టీ, చెరకు ముక్క, పచ్చి మామిడి, గట్టి జామ ఇవన్నీ రెండేళ్లు దూరం. జామ, ఆపిల్ సన్నగా తరిగితే తినవచ్చు. తీర్థాల్లో అమ్మే జీళ్లు అన్నిటికన్నా ప్రమాదం. అవి గట్టివీ, అంటుకునేవీ కూడా. మాడుగుల హల్వా మెత్తనిదే, తిన్న వెంటనే తోముకునే షరతు మీద మా ఇంట్లో అనుమతి ఉంది. కూల్‌డ్రింకుల పులుపు, తీపి రెండూ బ్రాకెట్ల చుట్టూ పంటి పైపొరను తినేస్తాయి.

తోముకోవడం

ఇక్కడ తొందర పనికిరాదు. బ్రాకెట్ల చుట్టూ పాచి నిలిస్తే పంటి ఖనిజాలు కరిగి సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలు పడతాయి. నెల రోజుల్లోనే మొదలుకావచ్చు. క్లిప్పులు తీసిన రోజున పళ్లు వరసగా ఉండి, ప్రతి పంటి మీద చతురస్రపు మచ్చ మిగలడం కన్నా దిగులు ఇంకేముంటుంది?

మొదట నీళ్లు గట్టిగా పుక్కిలించి పెద్ద తునకలు పోగొట్టాలి. తర్వాత బ్రష్‌ను చిగురుకూ బ్రాకెట్‌కూ మధ్య ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న వలయాలుగా తిప్పాలి. పైవైపు అయ్యాక బ్రష్ తిప్పి కింది నుంచి అదే పని. ఆపైన బ్రాకెట్ ముఖం, పళ్ల లోపలి వైపు, నమిలే తలం. చివరగా బుల్లి బ్రష్‌ను తీగ కిందుగా పైనుంచి ఒకసారి, కింది నుంచి ఒకసారి దూర్చి తీయాలి. అంతా సరిగ్గా చేస్తే నాలుగైదు నిమిషాలు పడుతుంది. అద్దంలో చూస్తే బ్రాకెట్ అంచులు విడివిడిగా, మెరుస్తూ కనిపించాలి. అంచు మసకగా ఉందంటే పాచి ఇంకా ఉన్నట్టే. రాత్రి తోమినది అన్నిటికన్నా ముఖ్యం, నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి.

ఈ బ్రష్‌లు మూడు నెలలు కూడా ఆగవు. కుచ్చు విచ్చుకోగానే మార్చేయండి.

కరెంటుతో నడిచే పరికరాలు

నీటి ధారతో పళ్ల సందులు కడిగే పరికరం కొనాలా అని చాలామంది అడుగుతారు. మంచిదే, బ్రష్‌కు తోడుగా మాత్రమే. అంటుకున్న పాచిని బ్రష్ రాపిడి వదిలించినంతగా ధార వదిలించదు. తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, గోరువెచ్చని నీళ్లతో, వాష్‌బేసిన్ మీదికి వంగి వాడాలి. బోరు నీళ్లు పోయకండి. తీరం దగ్గరి బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువై సన్నటి ముక్కు పూడుకుపోతుంది. తాగే నీళ్లే పోయండి. వాడకం అయ్యాక మిగిలిన నీళ్లు పారబోసి ట్యాంకు తెరిచి ఆరబెట్టండి, లేకుంటే లోపల జిగురు పడుతుంది.

మా అమ్మ భయపడిన ఉప్పుగాలి నిజంగా దెబ్బ తీసేది వీటినే. చార్జర్ పిన్నులు, ప్లగ్గులు పచ్చగా చిలుము పడతాయి. స్నానాల గదిలో చార్జర్ ఉంచకండి. తడి, ఉప్పు, 230 వోల్టులు ఒకచోట చేరకూడదు. పడక గదిలో చార్జ్ చేసి, పిన్నులను అప్పుడప్పుడు పొడిగుడ్డతో తుడవండి. బ్యాటరీ బ్రష్ ఉన్నా మామూలు బ్రష్ ఒకటి ఇంట్లో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకుండా చేసిన సంగతి ఈ ఊరివాళ్లకు గుర్తు చేయనక్కరలేదు.

తీగ గుచ్చుకుంటే

పళ్లు కదిలేకొద్దీ తీగ కొస వెనక నుంచి పొడుచుకొచ్చి బుగ్గను గీరుతుంది. అక్కడి లోహాన్ని దూదితో బాగా తుడిచి ఆరనివ్వండి, తడి మీద మైనం నిలవదు. బఠాణీ గింజంత మైనం వేళ్ల మధ్య ఉండ చేసి కొస మీద అద్దండి. సన్నని తీగ అయితే పెన్సిల్ వెనక ఉండే శుభ్రమైన రబ్బరుతో మెల్లగా పంటి వైపు నొక్కవచ్చు. పుండు పడితే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించాలి. ఊడిన బ్రాకెట్‌ను ఇంట్లో ఉండే జిగురుతో అంటించే సాహసం చేయకండి. దాన్ని చిన్న డబ్బాలో దాచి డాక్టరుకు ఫోను చేయండి. ముఖం వాచినా, జ్వరం వచ్చినా, ఏదైనా ముక్క ఊపిరి వైపు పోయిందన్న అనుమానం కలిగినా ఆలస్యం వద్దు, నేరుగా ఆసుపత్రికే.

క్లిప్పులు తీశాక

అందరూ ఏమరుపాటుగా ఉండేది ఇప్పుడే. పళ్లను పట్టి ఉంచే చిగురు నారలు కొత్త చోటికి అలవాటుపడటానికి నెలలు పడుతుంది. అందాకా పళ్లు పాత ఇంటికి పోవాలనే చూస్తాయి. వాటిని ఆపేది రిటైనర్. గులాబీ రంగు అచ్చుకు తీగ బిగించినది ఒక రకం, గాజులా కనిపించే పలుచని ప్లాస్టిక్ తొడుగు ఇంకో రకం. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకోవాలో డాక్టరు చెప్పిన లెక్కే లెక్క.

తొడుగును పాడుచేసింది మా ఇంట్లో నేనే. శుభ్రంగా కడుగుదామని గీజర్ పంపు కింద వేడినీళ్లలో ముంచాను. ఆ ప్లాస్టిక్‌ను వేడి చేసే పంటి అచ్చు మీద ఒత్తుతారని ఆ క్షణంలో తట్టలేదు. బయటకు తీస్తే చూడటానికి ఏమీ తేడా లేదు, నోట్లో మాత్రం కూర్చోలేదు. కొత్తది చేయించాల్సి వచ్చింది. కాబట్టి మరిగించిన నీళ్లు, గిన్నెలు కడిగే యంత్రం, ఎండలో నిలిపిన కారు అద్దం వెనక చోటు, ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉండే గోడ, ఇవేవీ రిటైనర్‌కు పడవు. మైక్రోవేవ్ అసలే వద్దు. తీగ ఉన్నదైతే నిప్పురవ్వలు లేస్తాయి.

చల్లటి నీళ్లు, మెత్తటి బ్రష్, గిన్నెలు కడిగే ద్రవం ఒక్క చుక్క, అంతే చాలు. టూత్‌పేస్టులోని గరుకు పదార్థం తొడుగు మీద గీతలు పెట్టి మసకబారుస్తుంది, ఆ గీతల్లో వాసన చేరుతుంది. గట్టి నీళ్ల వల్ల తెల్లటి పొర పడితే, కట్టుడు పళ్లు శుభ్రం చేసే మాత్రను చల్లటి నీళ్లలో వేసి పొట్లం మీద రాసినంత సేపు నానబెట్టండి.

ఇక పోగొట్టుకునే విద్య. భోజనం ముందు తీసి టిష్యూ కాగితంలో చుట్టి పెడతారు, పళ్లెంతో పాటు చెత్తబుట్టలోకి పోతుంది. హోటల్ బల్ల దగ్గర డబ్బా తప్ప ఇంకేదీ నమ్మకండి. ఇంట్లో కుక్క ఉంటే డబ్బా అందనంత ఎత్తులో ఉంచండి, లాలాజలం వాసనకు అవి రిటైనర్లను ఇష్టంగా కొరుకుతాయి. డబ్బాకు చిల్లులుండాలి, విశాఖ తేమలో మూసిన డబ్బా రెండు రోజుల్లో బూజు వాసన కొడుతుంది.

కొన్ని రోజులు మానేసి మళ్లీ పెట్టుకున్నప్పుడు కాస్త బిగుతుగా ఉండి కూర్చుంటే, డాక్టరుకు ఫోను చేసి చెప్పి వారన్నట్టు వాడండి. ఎంత నొక్కినా కూర్చోకపోతే పళ్లతో కొరికి దిగగొట్టకండి. రిటైనర్‌ను డబ్బాలో పెట్టి, డబ్బాను సంచిలో పెట్టి, ఆ వారంలోనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.