ప్రాంతీయ వాణిజ్య న్యాయ సంస్థ చరిత్రను రాయడం ఎలా

వ్యాపార వ్యవహారాలు చూసే లా ఫర్మ్ చరిత్ర రాయమన్నప్పుడు చాలామంది వ్యవస్థాపకుడి బాల్యంతో మొదలుపెట్టి, భాగస్వాముల ఫోటోల మీదుగా కొత్త కార్యాలయ ప్రారంభోత్సవం దాకా వస్తారు. అలాంటి పుస్తకాన్ని ఆ సంస్థవారు కూడా తమ ఫోటో ఉన్న పేజీ వరకే చూస్తారు. ఆ ప్రాంతంలో వ్యాపారం ఎప్పుడెలా మారిందో, దాన్ని నియంత్రించే చట్టం ఎలా మారిందో తెలియనిదే సంస్థ ఎందుకు పెరిగిందో చెప్పలేము.

అందుకే ముందుగా మనుషుల దగ్గరికి కాక కాగితాల దగ్గరికి వెళ్లాలి. భాగస్వామి చేరినా, వెళ్లిపోయినా సాధారణంగా కొత్త ఒప్పంద పత్రం రాసుకుంటారు కాబట్టి, వాటన్నిటినీ తేదీల వరుసలో పేర్చి, లాభాల వాటాలు ఎవరికెంత మారాయో ఒక పట్టికలో రాసుకోవాలి. తర్వాత పాత లెటర్‌హెడ్‌లు సేకరించాలి. ఒక ఏడాది ఎడమ అంచున నిలువుగా ఏడు పేర్లు ఉండి, మరుసటి ఏడాదికి పైనుంచి మూడో పేరు మాయమైందంటే, దాని వెనుక మరణమో, న్యాయమూర్తిగా నియామకమో, తగాదానో ఉండి ఉంటుంది. అదేమిటో ఒప్పంద పత్రంతో సరిచూసుకోవాలి.

అన్నిటికంటే విలువైనవి ఫీజు పుస్తకాలు, అయినా వాటిని అడిగేవారు తక్కువ. ప్రతి పదేళ్లకు ఒక ఏడాదిని ఎంచుకుని, ఆస్తి దస్తావేజులు, బ్యాంకు రుణ పత్రాలు, కంపెనీల ఏర్పాటు, పన్నులు, కార్మిక వివాదాలు, దివాలా కేసులు అని ఆదాయాన్ని విడగొట్టి చూస్తే సంస్థ అసలు ముఖం కనిపిస్తుంది. పేరు తెచ్చిన పెద్ద కేసు ఒకటి ఉండవచ్చు గాని, ఆ కార్యాలయం అద్దె కట్టింది బహుశా ఏళ్ల తరబడి బ్యాంకు కోసం ఆస్తి టైటిల్ (యాజమాన్య హక్కు) పరిశీలించి ఇచ్చిన చిన్న చిన్న నివేదికలే అయి ఉంటాయి.

సంస్థ పరిమాణాన్ని వివరించేటప్పుడు చట్టపు పరిమితులను మరువకూడదు. బ్రిటన్‌లో భాగస్వాములు 20 మందికి మించరాదన్న నిబంధన నుంచి అక్కడి న్యాయవాదుల్లో ఒక వర్గమైన సొలిసిటర్లకు మినహాయింపు వచ్చింది 1967లో. భారత్‌లోనూ 1956 కంపెనీల చట్టం అదే సంఖ్య దగ్గర గీత గీసింది. ఒకరి తప్పుకు తోటి భాగస్వాముల సొంత ఆస్తులు బాధ్యత వహించకుండా కాపాడే పరిమిత బాధ్యత భాగస్వామ్యం 1991లో టెక్సస్‌లో మొదలైంది, బ్రిటన్ 2000లో, భారత్ 2008లో అందుకు చట్టాలు చేశాయి. సంస్థ ఎప్పుడు విస్తరించిందో ఈ తేదీల పక్కన పెట్టి చూడాలి, కాని ప్రతి విస్తరణకూ చట్టమే కారణమని తేల్చేయడం తొందరపాటు.

క్లయింట్లు ఎలా వచ్చారన్నది కూడా ఇలాంటి ప్రశ్నే. అమెరికాలో న్యాయవాదుల ప్రకటనలకు సుప్రీంకోర్టు 1977లో దారి తెరిచింది; భారత బార్ కౌన్సిల్ నియమాలు వాటిని నిషేధిస్తాయి. ప్రకటన లేనిచోట ఆడిటర్లు, బ్యాంకు మేనేజర్లు, పాత క్లయింట్ల బంధువులే దారి చూపిస్తారు కాబట్టి, ఎవరి ద్వారా ఎవరు వచ్చారో ఆరా తీయాలి. అలాంటి దేశంలో సంస్థ చరిత్ర పుస్తకమే ప్రచారంగా లెక్కకు రావచ్చు గనుక, అచ్చుకు ముందు ఆ కోణంలోనూ చదివించడం మంచిది.

ఆ తర్వాతే ఇంటర్వ్యూలు. సీనియర్ భాగస్వామి కంటే ముందు పాత గుమాస్తాను కలవాలన్నది నా సలహా, ఎందుకంటే ఏ ఫైలు ఎవరి బల్ల మీద ఎన్నాళ్లు పడి ఉందో ఆయనకే గుర్తుంటుంది. మొదటి క్లయింటు గురించి అందరూ ఒకే కథ ఒకే మాటల్లో చెబితే, ఫీజు పుస్తకంలో ఆ పేరు దొరికే దాకా దాన్ని నమ్మకూడదు.

ఇక గోప్యత. క్లయింటు చెప్పిన రహస్యంపై హక్కు న్యాయవాదిది కాదు, క్లయింటుది. కేసు ముగిసినా, ఫైలు మూతపడినా అది పోదు. ప్రచురితమైన తీర్పులో ఉన్నంతవరకు ధైర్యంగా రాయవచ్చు, అంతకు మించి ఒక్క వాక్యం రాయాలన్నా క్లయింటు రాతపూర్వక అనుమతి కావాలి. క్లయింటు కంపెనీ మరోదాంట్లో విలీనమై ఉంటే ఆ అనుమతి ఇప్పుడు ఎవరివ్వాలో ముందే తేల్చుకోవాలి.

సంస్థ చీలిన సందర్భం ఉంటే వెళ్లిపోయినవారి మాట కూడా వినాలి. వారిని కలవడానికి ప్రస్తుత భాగస్వాములు ఒప్పుకుంటారా, ముసాయిదాలో వాస్తవాలను దిద్దే అధికారం ఎవరిది, అభిప్రాయాలను కొట్టేసే అధికారం అసలు ఉంటుందా అన్నవి పని ఒప్పుకునే రోజునే కాగితం మీద రాయించుకోవాలి.