బంగారు నేపథ్యంతో మరియమాత చెక్క ప్యానెల్ వేయడం ఎలా? (పాత ఇటలీ పద్ధతిలో)

1300, 1400లలో సియెనా, ఫ్లోరెన్స్ చర్చిల కోసం వేసిన మరియమాత చిత్రాలు చూసి అందరూ ముఖం గురించే మాట్లాడతారు, కానీ వేసేవాళ్లకు ముఖం దాదాపు చివరి పని. ముందు చెక్క, తర్వాత తెల్లపూత, తర్వాత బంగారం, అన్నీ అయ్యాకే రంగు. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది! ఈ పద్ధతిలో ఎక్కువ భాగం 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నిని అనే చిత్రకారుడు రాసిపెట్టిందే, ఇప్పుడు దొరికే సరుకును బట్టి కొన్నిచోట్ల మార్చాను.

మొదలుపెట్టేముందు ఒకటి తేల్చుకోండి: మీది గోతిక్ దారా (పాత శైలి), రినైసాన్స్ దారా (దాని తర్వాత వచ్చిన, కంటికి కనిపించినట్టే వేసే శైలి)? ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉన్న ‘మంగళవార్త’ను (యేసు పుట్టబోతున్నాడని దేవదూత మరియమాతకు చెప్పే ఘట్టం) సిమోనె మార్తిని, లిప్పో మెమ్మి 1333లో వేశారు. అది గోతిక్ దారి: వెనకంతా బంగారమే, మనుషులు సన్నటి వంపుల్లో ఉంటారు, దేవదూత పలికే మాటలు కూడా బంగారం మీద అక్షరాలై మరియమాత వైపు సాగుతాయి. రినైసాన్స్ దారికి వస్తే, మసాచ్చో 1426లో పీసా చర్చి కోసం వేసిన మరియమాత (లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది) దగ్గరా బంగారం ఉంది, కానీ వెలుగు ఒక పక్క నుంచే పడుతుంది, సింహాసనం రాతిదని నమ్మబుద్ధేస్తుంది, బాలయేసు తల మీది వలయం పళ్లెంలా నిటారుగా ఉండకుండా ఏటవాలుగా ఉంటుంది. 1435కల్లా, చిత్రకళ మీద పుస్తకం రాసిన అల్బెర్తి, అసలు బంగారం అంటించడం ఎందుకు, దాని మెరుపునూ రంగుతోనే చూపించండి అనేశాడు. నా మాట వింటే మొదటిసారికి మసాచ్చోలా బంగారం ఉంచండి, వెలుగు మాత్రం ఒక్క వైపు నుంచే ఇవ్వండి.

చెక్క విషయం తొందరగా తేల్చేద్దాం. వాళ్లు పాప్లర్ చెక్క వాడేవారు, మనకు 12 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్, అడుగులోపు ముక్క చాలు. ఒక భాగం చర్మపు జిగురు (జంతువుల చర్మం నుంచి తీసేది) పలుకులను పది భాగాల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. మరగనివ్వకండి, మరిగితే జిగురు బలం పోతుంది. ఒక పూత వేసి, పాత నూలుగుడ్డను అదే జిగురులో ముంచి చెక్క మీద పరవండి, రేపు చెక్క పగిలినా చీలిక బొమ్మదాకా రాదు.

ఇప్పుడు జెస్సో, అంటే తెల్లపూత, సగం బొమ్మ ఇక్కడే తయారవుతుంది. ఇటలీవాళ్లు జిప్సం వాడారు, మనం చాక్ పౌడర్‌ను గోరువెచ్చటి జిగురులోకి జల్లుతూ పల్చటి మీగడలా అయ్యేదాకా కలుపుదాం. గిలక్కొట్టకండి, బుడగలు వస్తే తర్వాత ప్రతి బుడగా ఒక చిల్లు అవుతుంది. ఒక పూత అడ్డంగా, ఇంకోటి నిలువుగా, మొత్తం ఎనిమిది. ఆరాక ఉప్పుకాగితంతో రుద్దండి, వేలికి గరుకు తగలకూడదు. డబ్బాల్లో దొరికే ఆక్రిలిక్ జెస్సోతో పని తేలికే గానీ అది నీటిని సరిగ్గా పీల్చదు, ఈ పద్ధతిలో బంగారానికీ, గుడ్డు రంగుకీ పనికిరాదు.

బొమ్మ గీసి, బంగారం, మనిషి కలిసే గీతను సూదితో గీరండి. లేకపోతే బంగారం పడ్డాక భుజం ఎక్కడుందో మీకే తెలియదు. బంగారం పడే చోట జిగురుతో కలిపిన ఎర్ర బంకమట్టి (బోల్) నాలుగు పూతలు వేసి నున్నగా తుడవండి. ఆ ఎరుపు వల్లే బంగారం వెచ్చగా కనిపిస్తుంది. ఫ్యాన్ ఆపండి, సీరియస్‌గా చెబుతున్నా, పల్చటి బంగారు రేకు ఊపిరికే ఎగిరిపోతుంది. మట్టిని నీళ్లతో తడిపి, చదునైన మెత్తటి బ్రష్‌తో రేకు వాలిస్తే అదే అతుక్కుంటుంది. చవక ఇత్తడి రేకు వద్దు, మెరుగు రాదు, కొన్నాళ్లకు నల్లబడుతుంది. కొన్ని గంటలాగి అగేట్ రాయితో మెల్లగా రుద్దండి, తడిగా ఉండగా రుద్దితే లేచిపోతుంది. కోస్తాలో, వానాకాలంలో ఇంకా ఎక్కువసేపు ఆగాలి. మెరుపు వచ్చాక కంపాస్‌తో వలయం గీసి, మొద్దు మొన ఉన్న కడ్డీతో చుక్కలు నొక్కండి. కొవ్వొత్తి వెలుగు కదిలినప్పుడు ఆ చుక్కలే మిలమిల్లాడేవి.

రంగు కోసం గుడ్డు పచ్చసొనను అరచేతిలో దొర్లించి, పొర పట్టుకుని పొడిచి లోపలిది గిన్నెలోకి జార్చండి. చెంచాడు నీళ్లు కలపండి. నీళ్లతో నూరిన రంగుపొడికి ఇది సమానంగా చేరాలి. పల్లె కోడి గుడ్డు సొన మరీ ఎర్రగా ఉంటుందని, యౌవన ముఖాలకు పట్నం కోడి గుడ్డే మేలని చెన్నిని చెప్పాడు, నాకు భలే నచ్చే సలహా అది. సీసపు తెలుపు విషం, టైటానియం తెలుపు వాడండి, పొడులు కలిపేటప్పుడు మాస్క్ పెట్టుకోండి. పైవస్త్రం నీలానికి వాళ్లు అఫ్ఘానిస్తాన్‌లోని బదక్షాన్ నుంచి వచ్చే లాపిస్ రాయి వాడేవారు, మనకు కృత్రిమ అల్ట్రామెరీన్ చాలు.

బట్టలు ముందు వేసి చివరికి ముఖానికి రండి. ముఖమంతా ముందు పచ్చమట్టి రంగు, భయపడకండి, దాని మీద మూడు ఛాయల గులాబీ రంగు సన్న గీతలుగా పేర్చుకుంటూ పోవాలి. రంగు క్షణాల్లో ఆరిపోతుంది కాబట్టి తడిమీద కలపడం కుదరదు. పాత ప్యానెళ్లలో కొన్ని ముఖాలు ఆకుపచ్చగా కనిపించడానికి కారణం, పైన గులాబీ అరిగి కింది పచ్చ బయటపడటమే. రినైసాన్స్ దారిలో వెళ్లేవాళ్లు వెలుగు పడని చెంప మీద గులాబీ తగ్గించి పచ్చను అలాగే వదిలేస్తే నీడ దానంతటదే వస్తుంది.

వార్నిష్‌కి కనీసం ఏడాది ఆగండి, వేసినా రంగు మీదే వేయండి, మెరుగుపెట్టిన బంగారం మీద వద్దు.