మూడు చక్రాల స్ట్రోలర్‌కు బియ్యం సంచి పరీక్ష

కొట్టులోని నున్నటి గచ్చు మీద తేలికగా తిరిగిన మూడు చక్రాల స్ట్రోలర్, బిడ్డను కూర్చోబెట్టి విజయనగరం గంటస్తంభం నుంచి కోట వైపు తోసుకెళ్తుంటే గతుకు దగ్గర ముందు చక్రం అడ్డం తిరిగి ఆగిపోవడం ఎంతో విసుగు పుట్టిస్తుంది. ఖాళీ బండిని తోసి చూస్తే ఈ లోపం బయటపడదు కనుక, కొనడానికి వెళ్లేటప్పుడు 10 కిలోల బియ్యం సంచిని వెంట తీసుకెళ్లండి. ఏడాది బిడ్డ బరువు ఇంచుమించు అంతే ఉంటుంది.

సంచిని సీటులో పెట్టి, బెల్టు బిగించి, కొట్టువారి అనుమతితో బయటి రోడ్డు మీద ఒంటి చేత్తో తోయండి. ముందు చక్రాన్ని వదులుగా ఉంచి ఒకసారి, పక్కలకు తిరగకుండా లాక్ చేసి మరొకసారి నడపాలి. వదులుగా ఉంటే బజారు రద్దీలో మలుపులు సులువవుతాయి, లాక్ చేస్తే గతుకుల్లో బండి తిన్నగా సాగుతుంది. ఈ లాక్ లేని బండి మన వీధులకు పనికిరాదని నా అభిప్రాయం. తరువాత వాలు మీద బ్రేకు వేసి, చేతిని దగ్గరే ఉంచి, జారుతుందేమో గమనించండి. గాలి టైర్లయితే వాల్వు మోటారు సైకిలుకు ఉండే రకమేనా అని చూసుకోండి; అప్పుడు ఏ పంక్చర్ల కొట్టులోనైనా గాలి పట్టించుకోవచ్చు.

అయితే సంచి కదలదు, బిడ్డ మాత్రం పక్కకు ఒరుగుతుంది. ముందు ఒక్క చక్రమే ఉన్నందున, గట్టు దిగుతూ మలుపు తిప్పితే ఈ పరీక్షలో నెగ్గిన బండి కూడా ఒరిగిపోవచ్చు. ఆరు నెలల లోపు పసివారికి సీటు పూర్తిగా వెనక్కి వాలుతుందో లేదో విడిగా చూడాలి.