యూలిమిట్‌లో కేబీ, సీ కోడ్‌లో బైట్లు

లైనక్స్‌లో ప్రోగ్రామ్‌కి 2 జీబీ లిమిట్ పెట్టినా అది మెషీన్ మెమరీ అంతా తినేస్తోందా? ముందు యూనిట్ చూడండి. బాష్ షెల్‌లో ఈ లిమిట్ పెట్టే 'యూలిమిట్ హైఫన్ వీ' కమాండ్ అంకెని కేబీల్లో తీసుకుంటుంది, సీలో అదే పని చేసే 'సెట్ఆర్‌లిమిట్' ఫంక్షన్ బైట్లలో. అంటే 2 జీబీకి షెల్‌లో 2097152, కోడ్‌లో 2147483648. నేను బైట్ల అంకెనే షెల్‌లో కొట్టి 2 టీబీ లిమిట్ పెట్టుకున్నాను, ఒక పూట పోయింది.

కోడ్‌లో ఇంకో తిరకాసు ఉంది. 2 * 1024 * 1024 * 1024 అని ఉత్తగా రాస్తే 32 బిట్ల ఇంట్‌లో పట్టదు. మామూలుగా అది మైనస్‌లోకి తిరిగి, చివరికి లిమిట్ లేనంత పెద్ద అంకె అవుతుంది. మొదటి 2 పక్కనే యూఎల్ఎల్ (మైనస్ లేని పెద్ద పూర్ణాంకం అని చెప్పే గుర్తు) తగిలించండి, చాలు. కంపైలర్ ఓవర్‌ఫ్లో వార్నింగ్ ఇస్తే దాటేయకండి.

పెట్టాక 'ప్రాక్' డైరెక్టరీలో, ఆ ప్రాసెస్ నంబరు కింద ఉన్న 'లిమిట్స్' ఫైల్ తెరవండి. 'మ్యాక్స్ అడ్రస్ స్పేస్' (ప్రోగ్రామ్ తనకని తీసుకోగల మెమరీ చిరునామాల హద్దు) లైన్‌లో అంకె బైట్లలోనే కనబడుతుంది.

జావా ప్రోగ్రాములకి మాత్రం ఈ లిమిట్ వద్దు. అవి వాడేదానికంటే ఎక్కువ అడ్రస్ స్పేస్ ముందే రిజర్వ్ చేసుకుంటాయి, మొదలవకుండానే పడిపోవచ్చు. వాటికి సీగ్రూప్ (నిజంగా వాడే మెమరీకి హద్దు పెట్టే లైనక్స్ సదుపాయం) లిమిట్ పెట్టుకోండి.