గోడకు పసుపు, ఆప్రికాట్ (పసుపు కలిసిన లేత నారింజ) రంగు వేయించే ముందు జాగ్రత్తలు

షేడ్ కార్డు మీది చిన్న ముక్కను నమ్మి డబ్బా కొనకండి. పసుపు గోడంతా పరుచుకుంటే ఒక గోడ కాంతి ఇంకో గోడ మీద పడి రంగు చిక్కనవుతుంది. నచ్చినదానికన్నా ఒక మెట్టు లేతది తీసుకోండి.

• 2 అడుగుల చదరంలో రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరాక చూడండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైటు కింద మూడుసార్లూ చూడాలి. తెల్లటి ట్యూబ్‌లైటు కింద లేత పసుపు ఆకుపచ్చగా కొట్టొచ్చు, ఆప్రికాట్ పాలిపోతుంది.

• కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగండి. పచ్చి సిమెంటులోని క్షారం కొన్ని పసుపు పిగ్మెంట్లను (పెయింటుకు రంగునిచ్చే పొడులను) తినేసి మచ్చలు తెస్తుంది.

• ఎండ పడే బయటి గోడకు ఐరన్ ఆక్సైడ్ (ఇనుము నుంచి వచ్చే) పసుపు అడగండి. నిమ్మపండు పసుపంత మెరవదు, కానీ త్వరగా వెలిసిపోదు.

• పాత ముదురు రంగు మీద తెల్ల ప్రైమర్ తప్పనిసరి. పసుపు కింది రంగును సరిగా కప్పదు.

• డబ్బాలన్నీ ఒకే బ్యాచ్‌వి కొని, పెద్ద బకెట్టులో కలిపాకే మొదలుపెట్టండి.

గోడ పక్కన ఆప్రికాట్ గులాబీలు నాటాలనుకుంటే పువ్వును చలికాలంలోనే కాదు, ఏప్రిల్‌లోనూ చూడండి. ఎండకు చాలా రకాలు మీగడ రంగుకు తిరుగుతాయి. గోడా పువ్వూ ఒకే రంగైతే పువ్వు కనిపించదు.