ముందువాళ్ల అడుగులు చూసి ఐస్ మీదికి వెళ్లకండి: లేక్ ట్రౌట్ సీజన్‌కు ముందు కొన్ని జాగ్రత్తలు

డిసెంబర్ వచ్చిందంటే టొరొంటో చుట్టుపక్కల మన వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల వీడియోలు తిరుగుతాయి. ఒకదాంట్లో రెండు చేతులా ఎత్తి పట్టుకున్న లేక్ ట్రౌట్ చేప ఉంటుంది. ఇంకోదాంట్లో ఐస్ విరిగి సగం మునిగిన బండి. మొదటిది చూసినవాళ్లు లొకేషన్ అడుగుతారు. రెండోది చూసి "అయ్యో" అని ఫార్వర్డ్ చేసి, ఆ శనివారమే గాలాలు సర్దుకుంటారు.

2022 డిసెంబర్ 26న అరిజోనాలోని వుడ్స్ కాన్యన్ లేక్ మీద ఐస్ విరిగి ముగ్గురు తెలుగువాళ్లు చనిపోయారు. వాళ్లు చేపలకు కూడా వెళ్లలేదు. సెలవుల్లో కుటుంబాలతో సరదాగా వెళ్లారు. మరుసటి ఏడాది డిసెంబర్ 29న మిన్నెసోటాలోని అప్పర్ రెడ్ లేక్ మీద గాలాలు వేస్తున్న వందమందికి పైగా జనం కింద ఉన్న ఐస్, ఒడ్డు నుంచి విడిపోయి కొట్టుకుపోయింది. వాళ్లను బయటకు తెచ్చారు కాబట్టి సరిపోయింది. మొదటివాళ్లకు ఐస్ కొత్త అనుకుందాం, మిన్నెసోటాలో ఐస్ ఫిషింగ్, అంటే గడ్డకట్టిన సరస్సుకు కన్నం వేసి గాలం వేయడం, తెలియని ఊరే ఉండదు. కాబట్టి "మాకు అలవాటే" అనే మాట నా దగ్గర చెల్లదు.

వెచ్చటి బట్టలు వేసుకోండి, ఒంటరిగా పోకండి, మందు కొట్టి పోకండి. ఇవి అందరికీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది ఒక్క తప్పు గురించి. టొరొంటోకు ఉత్తరాన ఉన్న సిమ్‌కో సరస్సు మీద ఏటా చూస్తున్నాను, కొత్తవాళ్లూ పాతవాళ్లూ ఒకేలా చేస్తారు.

ముందు ఎవరో నడిచారు కదా అని నడవడం.

ఒడ్డున కారు ఆపుతారు. మంచు మీద బూట్ల జాడ ఉంటుంది, స్లెడ్, అంటే సామాను లాగే జారుడు బండి, పోయిన గీత ఉంటుంది. దూరంగా నాలుగు గుడారాలు కనిపిస్తాయి. ఇంకేం, ఆ జాడ పట్టుకుని తిన్నగా పోతారు. ఆ అడుగులు ఎప్పటివి? మంగళవారం మైనస్ 18లో వేసినవి కావచ్చు. గురువారం వాన పడి, శుక్రవారం గాలి వీచి, శనివారం మీరు వచ్చారు. ఆ మనిషి ఎంత బరువు? మధ్యలో ఎక్కడ ఆగి పరీక్షించాడు, ఎక్కడ భయపడి పక్కకు తిరిగాడు? అసలు వెనక్కి వచ్చాడా? జాడ ఇవేవీ చెప్పదు. ఎవరో ఒకప్పుడు ఇక్కడికి వచ్చారని మాత్రమే చెబుతుంది.

మంచు మీద నడిపే స్నోమొబైల్ బండి జాడ ఇంకా మోసం. అది వేగంగా దాటిపోయిన చోట మీరు ఆగి, నలుగురూ కలిసి సామాను దించి, కన్నం వేసి గంటలు కూర్చుంటారు. రెండూ ఒకటి కాదు.

పెద్ద లేక్ ట్రౌట్ విషయంలో ఈ తప్పు ఎందుకు ప్రాణం మీదికి తెస్తుందంటే, ఆ చేప లోతు నీళ్లది. లోతు నీళ్లే అన్నిటికంటే ఆలస్యంగా గడ్డకడతాయి. నీరు 4 డిగ్రీల దగ్గర బరువెక్కి కిందికి దిగుతుంది. పై నుంచి కింది దాకా నీరంతా 4 డిగ్రీలకు చల్లబడ్డాకే పైనున్న పొర ఇంకా చల్లబడి ఐస్ అవుతుంది. రెండు మీటర్ల లోతున్న చోట ఈ పని త్వరగా అయిపోతుంది. బ్యారీ దగ్గరి కెంపెన్‌ఫెల్ట్ బే లాంటి చోట, సుమారు 40 మీటర్ల లోతులో, వారాలు పడుతుంది. ఒడ్డున 20 సెంటీమీటర్లు ఉన్న రోజున లోతు మీద 7 కూడా ఉండకపోవచ్చు. పైన మంచు మాత్రం అంతటా ఒకేలా తెల్లగా కనిపిస్తుంది.

బయల్దేరే ముందు

సిమ్‌కోలో చలికాలపు ట్రౌట్ సీజన్ జనవరి 1న మొదలై మార్చి 15 దాకా ఉంటుంది. ఆ ఏటి నియమాల పుస్తకం ఒకసారి చూసుకోండి. కానీ సీజన్ తెరవడం చట్టం పని, దానికీ ఐస్‌కీ సంబంధం లేదు. 2024 చలికాలంలో జనవరి 1 వచ్చింది కానీ ఐస్ సరిగా పట్టలేదు. లైసెన్స్ కొన్నాం, సెలవు పెట్టాం, డబ్బులు దండగవుతాయి అనుకుంటూ వెళ్లకండి.

వెళ్లేది మొదటిసారైతే హట్ ఆపరేటర్‌కు, అంటే ఐస్ మీద గుడిసెలు అద్దెకిచ్చేవాళ్లకు, డబ్బు కట్టి వెళ్లండి. వాళ్లు రోజూ ఐస్ కొలుస్తారు, దారి గుర్తులు పాతుతారు, మంచు మీద నడిచే బాంబార్డియర్ బండిలో తీసుకెళ్లి తీసుకొస్తారు. ఖర్చెక్కువని మూతి ముడుచుకునేవాళ్లను చూశాను. వాళ్లే మూడు వందల డాలర్ల రాడ్ కొంటారు.

సొంతంగా వెళ్లేవాళ్లకు ఉండాల్సిన సామాను: స్పడ్ బార్, అంటే చివర ఉలిలా ఉండే మన పలుగు. మెడలో వేసుకునే ఐస్ పిక్స్, అంటే నీళ్లలో పడితే ఐస్‌లో గుచ్చి పైకి పాకడానికి మేకులున్న పిడులు. నీళ్లలో తేలే ఫ్లోటర్ సూట్. విసరడానికి 15 మీటర్ల తాడు. బూట్లకు ముళ్ల పట్టీలు. మూతి బిగించిన సంచిలో ఒక జత పొడి బట్టలు. ఐస్ పిక్స్ సంచిలో పెడితే లేనట్టే లెక్క. నీళ్లలో పడ్డాక సంచి జిప్ తీసే వేళ్లు మీకు ఉండవు.

ఐస్ మీద

పలుగు ఎత్తి, మీరు వేయబోయే అడుగు కంటే ఒక బార ముందు గట్టిగా పొడవండి. ముట్టించి వదిలేయడం కాదు, బలంగా పొడవాలి. మంచి ఐస్ దిటవుగా మోగుతుంది, పొడి రాలుతుంది. ఒకటి రెండు పోట్లకే దిగబడినా, నీళ్లు చిమ్మినా ఆగిపోండి. వచ్చిన దారినే మెల్లగా వెనక్కి రండి. ముందు జాడ ఉన్నా సరే, పలుగు చెప్పిందే వినండి.

ప్రతి ముప్పై అడుగులకు ఆగర్‌తో, అంటే ఐస్‌ను తొలిచే బర్మాతో, ఒక కన్నం వేసి కొలవండి. కొలతలు అందరూ ఒకేలా చెప్పరు. మిన్నెసోటా సహజ వనరుల శాఖ మనిషి నడవడానికి 4 అంగుళాలు, అంటే 10 సెంటీమీటర్లు చాలంటుంది. కెనడా రెడ్‌క్రాస్ 15 అంటుంది. మీరు 15 పట్టుకోండి. అదీ గాజులా నల్లగా, స్పష్టంగా ఉన్న ఐస్‌కే. మంచు కరిగి మళ్లీ గడ్డకట్టిన తెల్ల ఐస్‌కు సగం బలమే ఉంటుంది, కాబట్టి దానికి రెట్టింపు మందం కావాలి. కన్నంలోంచి తీసిన ముక్క చేతిలోకి తీసుకుని చూడండి: పైన నాలుగు వేళ్ల మందం పాలలా తెల్లగా, కింద రెండు వేళ్లే నల్లగా ఉంటే మొత్తం అంకె చూసి మురిసిపోవద్దు.

మంచు ఎక్కువ పడితే ఐస్ గట్టిపడుతుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. జరిగేది దానికి తలకిందులు. మంచు దుప్పటి చలిని కిందికి పోనివ్వదు, ఐస్ పెరగదు, పైగా ఆ బరువు మోయాలి.

నదులు కలిసే చోట్లు, సరస్సు నీరు బయటకు పోయే ఆథర్లీ దగ్గరి ఇరుకు, మరీనాల్లో పడవలు పాడవకుండా బుడగల యంత్రాలు పెట్టే చోట్లు: ఇక్కడికి ఏ నెలలోనూ వద్దు. ప్రెషర్ క్రాక్ అనే పెద్ద పగుళ్లు గాలిని బట్టి తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. పొద్దున దాటిన పగులు సాయంత్రానికి మీటరు వెడల్పు నీటి కాలువ కావచ్చు.

ఇక చేప సంగతి

ఇది తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది, అందుకే చెబుతున్నాను. వేసవిలో లేక్ ట్రౌట్‌కు చల్లటి నీరు లోతులోనే దొరుకుతుంది కాబట్టి అక్కడే ఉంటుంది. చలికాలంలో నీరంతా చల్లగానే ఉంటుంది. దానికి అడ్డేం లేదు, ఎక్కడికైనా తిరుగుతుంది. తెల్లవారే వేళ 20 నుంచి 40 అడుగుల లోతున్న వాలుల మీదికి చిన్న చేపల్ని వెతుక్కుంటూ వస్తుంది. అంటే సీజన్ మొదట్లో 80 అడుగుల లోతు మీదికి పరిగెత్తాల్సిన పనే లేదు. ఒడ్డుకు దగ్గరగా, లోతు ఒక్కసారిగా జారే అంచు పట్టుకుని, చీకటి విడవకముందే కన్నాలు సిద్ధం చేసుకోండి. చాలామంది పదింటికి తీరిగ్గా వచ్చి, చేప పడలేదని ఇంకా లోపలికి, ఇంకా లోపలికి జరుగుతారు. జరిగిన ప్రతిసారీ పలుగు తీస్తారా? తీయరు. పక్కవాడి గుడారం వైపు నడుస్తారు.

గాలానికి నాలుగంగుళాల తెల్ల ట్యూబ్ జిగ్ అనే మెత్తటి ఉత్తుత్తి ఎర, అర ఔన్సు నుంచి ఒక ఔన్సు బరువు, అల్లిక లైన్‌కు చివర ఫ్లోరోకార్బన్ లీడర్, అంటే నీళ్లలో అంతగా కనబడని చిన్న దారం. అడుగుకు దించి రెండుసార్లు బురద రేగేలా కొట్టి, ఒకటి రెండు మీటర్లు పైకి లేపి ఆపండి. ఫ్లాషర్, అంటే నీటి కింద చేపను చూపే సోనార్ యంత్రం, తెర మీద అడుగు నుంచి ఒక గీత విడిపోయి మీ జిగ్ వైపు లేస్తుంది. అది దగ్గరకు రాగానే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. ఆపొద్దు. పైకి చుట్టండి, ఇంకా వేగంగా చుట్టండి. పారిపోతున్నదాన్ని తరమడం దాని స్వభావం. ముప్పై అడుగులు తరుముకొచ్చి కొట్టిన చేపల్ని చూశాను. ఆపితే చాలాసార్లు చూసి వెళ్లిపోతుంది.

పెద్ద చేప కన్నం దగ్గరికి వచ్చి తల తిప్పుతుంది. లైన్ ఐస్ అంచుకు రాసుకుని తెగేది అప్పుడే. రాడ్ కొస కన్నంలోకి దించి, డ్రాగ్, అంటే రీల్ బిగింపు, వదులుగా ఉంచి, తల తిన్నగా పైకి వచ్చేదాకా ఆగండి. ఎనిమిదంగుళాల కన్నం మామూలు చేపకు చాలు, పెద్దదానికి పది ఉంటే నయం.

రెండు గాలాలు వేయొచ్చు. రెండోది 60 మీటర్ల లోపే, మీ కంటికి కనబడేలా ఉండాలి. అసలు సంగతి ఇక్కడుంది: చేప తగిలిందని చెప్పే రెండో గాలం జెండా లేవగానే అందరూ అటు దౌడు తీస్తారు. మధ్యలో ఐస్ ఎవరు చూశారు? రెండో కన్నం వేసేటప్పుడే ఆ దారి పొడవునా పొడుచుకుంటూ వెళ్లండి. ఆ దారినే పరిగెత్తండి. నిజానికి పరిగెత్తకపోతే ఇంకా మంచిది.

పెద్ద ట్రౌట్‌ను వదిలేయండి. నిదానంగా పెరిగే చేప, మీ చేతిలో ఉన్నదానికి ఇరవై ఏళ్లు దాటి ఉండొచ్చు. ఒంట్లో పాదరసం కూడా చేరి ఉంటుంది, పిల్లలకు, గర్భిణులకు పెట్టేది కాదు. పులుసుకు చిన్నదే రుచి. మైనస్ పదిహేనులో ఐస్ మీద పడేసి ఫొటోలు తీస్తే కళ్లు, మొప్పలు గడ్డకడతాయి. ఫొటో కావాలంటే కెమెరా ముందు సిద్ధం చేసుకుని, చేపను నీళ్లలోంచి ఆ తర్వాతే తీయండి.

మిగతావి ఒక వరుస అంటూ లేకుండా, గుర్తొచ్చినట్టు చెబుతాను.

చేప పడిందని నలుగురూ ఒకే కన్నం చుట్టూ మూగకండి. పట్టేవాడొకడు, సాయం ఒకడు. మిగతావాళ్లు పది అడుగుల దూరంలో.

నడిచేటప్పుడు మనిషికీ మనిషికీ పది మీటర్ల ఎడం. చిన్నపిల్లల్ని స్లెడ్‌లో కూర్చోబెట్టండి, ముందు నడవనివ్వద్దు.

గుడారంలో ప్రొపేన్ హీటర్ పెడితే కింద ఒకటి, పైన ఒకటి గాలి కిటికీలు తెరిచే ఉంచండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. తలనొప్పి వస్తే చలి అనుకోకండి, బయటకు రండి.

ఫోన్ లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా. బయటి జేబులో బ్యాటరీ చచ్చిపోతుంది.

ఎర రసీదు జేబులో ఉంచుకోండి.

కారు ఐస్ మీదికి దించొద్దు. ఎవరు దించినా మీరు దించొద్దు.

నీళ్లలో పడితే: మొదటి నిమిషం ఊపిరి ఎగదన్నుకుంటుంది, దాన్ని అదుపులోకి తెచ్చుకోవడమే ఆ నిమిషంలో మీ పని. ఆ తర్వాత సుమారు పది నిమిషాలు చేతులు కాళ్లు మాట వింటాయి. స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది. నిమిషంలో పోతామని చాలామంది అనుకుంటారు, ఆ కంగారులోనే నీళ్లు మింగుతారు. కోటు విప్పొద్దు, అందులో గాలి ఉంటుంది. వచ్చిన వైపుకే తిరగండి, అప్పటిదాకా మోసిన ఐస్ అదే. పిక్స్ గుచ్చి, కాళ్లు ఈతలా కొట్టి, పొట్ట మీద పైకి జారండి. లేచి నిలబడొద్దు. దొర్లండి.

పక్కవాడు పడితే దగ్గరికి పరిగెత్తొద్దు. 911కు ఫోన్ చేయండి. పడుకోండి, తాడు విసరండి. మీరూ పడితే తాడు విసరడానికి ఎవరూ ఉండరు.

వాన పడ్డ వారం వెళ్లొద్దు. రాత్రి కొత్త దారి పట్టొద్దు. ఒడ్డు వైపు నుంచి సరస్సు మధ్యకు గాలి గట్టిగా వీస్తుంటే సామాను సర్దేయండి, చేపలు పడుతున్నా సరే.

జాడ ఉంది కదా అని నడవొద్దు. హట్లున్నాయి కదా అని నడవొద్దు. యూట్యూబ్‌లో నిన్ననే వీడియో పెట్టాడు కదా అని నడవొద్దు.

తిరిగొచ్చేటప్పుడు పలుగు స్లెడ్‌లో పడేయకండి. ఉదయం మీరే వేసుకున్న అడుగులైనా సరే, పొడుచుకుంటూనే రండి.