బడి వదిలాక బస్తీ పిల్లలకు చదువు చెప్పడం ఎలా?

ఒడిశాలోని బరంపురం తెలుగు బస్తీలలో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెబుతామని ముందుకు వచ్చేవారికి కొదవ లేదు. రెండు నెలలు దాటి నిలిచేవారే తక్కువ. అందుచేత ఒక విద్యాసంవత్సరం పాటు, వారంలో అవే రోజులలో, అదే వేళకు రాగలిగినవారే పేరు ఇవ్వాలి.

కావలసినవి చాప, పలకలు, బలపాలు, హాజరు పుస్తకం, మంచినీళ్లు. నల్లబల్ల వద్దు, అది ఉన్నచోట చెప్పేవారి వీపే పిల్లలకు కనిపిస్తుంది. మొదటి రోజున మిఠాయిలు పంచడం, ఫొటోలు తీయడం కూడదు. తల్లిదండ్రులను ఇంటి దగ్గరే కలిసి, చీకటి పడ్డాక పిల్లలను ఎవరు తీసుకువెళతారో రాసుకోండి. తలుపు తెరిచి ఉంచండి, గదిలో మరొక పెద్దవారు ఉండేలా చూసుకోండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. మీ చాప మీద కూడా అదే నియమం. బిడ్డకు ఎవరివల్లనైనా ఆపద ఉందని తెలిస్తే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయాలి.

ఇక అందరూ చెడగొట్టే పని ఒకటుంది: పిల్లవాడి చదువు నిజంగా ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడం. ఐదో తరగతి అనగానే ఐదో తరగతి పుస్తకం తెరిచేవారు ఆ బిడ్డకు సాయం చేయడం లేదు, బడిలో జరిగిన అవమానాన్నే సాయంత్రం మళ్లీ జరిపిస్తున్నారు.

ఒక్కొక్కరినీ విడిగా, తోటివారికి వినపడనంత దూరానికి పిలిచి, ఎదురుగా కాక పక్కన కూర్చోబెట్టుకోండి. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసేందుకు ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టిన అసర్ సర్వే పద్ధతి ఇందుకు చాలు. ముందుగా ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా ఇవ్వాలి. దాన్ని వాక్యాలుగా, ధారగా చదివితే రెండో తరగతి స్థాయి కథ ఇవ్వాలి. చదవలేకపోతే పదాలు చూపించాలి. ఐదు పదాలలో నాలుగైనా రాకపోతే అక్షరాలకు దిగాలి. బిడ్డ ఆగినప్పుడు అందించకండి. మనసులో పది లెక్కపెట్టుకునేంతసేపు మౌనంగా ఉండండి, ఎందుకంటే అందించిన పదం మీరు చదివినట్టే అవుతుంది.

మన పిల్లల విషయంలో ఇక్కడే మరొక చిక్కు ఉంది. బరంపురం ఉన్న గంజాం జిల్లా 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఒడిశాలోకి వచ్చింది. ఇంట్లో తెలుగు నిలిచింది, చాలామందికి బడి మాత్రం ఒడియాలో నడుస్తోంది. ఒడియాలో హల్లు వెంట పలికే అచ్చు మన ‘అ’ కంటే ‘ఒ’కు దగ్గరగా ఉంటుంది, శ, ష, స మూడింటినీ మామూలుగా ‘స’గానే పలుకుతారు, మన ‘విద్య’ అక్కడ ‘బిద్యా’ అవుతుంది. ఒడియా అక్షరాన్ని సరిగ్గా గుర్తుపట్టి తెలుగు యాసలో పలికిన బిడ్డను చదువు రానివాడిగా లెక్కకట్టి కింది మెట్టుకు దింపడం ఘోరమైన పొరపాటు.

అందుకే చదవడం పూర్తయ్యాక, అందులో ఏముందో తెలుగులో చెప్పమని అడగాలి. గడగడా చదివి కూడా చెప్పలేకపోతే ఆ బిడ్డకు అక్షరాలు వచ్చు, ఒడియా మాటలే చాలడం లేదు. అతనికి ఒడియా కథలు వినిపించి, వాటి మీద మాట్లాడించాలి. మీరు చదివి వినిపించినప్పుడు అర్థం చెప్పి, తాను చదవలేనివాడికి అక్షరాలూ గుణింతాలూ కావాలి. ఈ ఇద్దరినీ ఒకే వరుసలో కూర్చోబెట్టి ఒకే పాఠం చెబితే ఇద్దరూ నష్టపోతారు. ఒడియా లిపి రాని తెలుగువారు ముందు దాన్ని నేర్చుకుని రావాలి; క, ఖ, గ, ఘ అన్న వరుస రెండింటికీ ఒకటే కనుక అది అసాధ్యమేమీ కాదు.

హోంవర్కు పూర్తి చేయించే కేంద్రాలంటే తల్లిదండ్రులకు ఇష్టమని తెలుసు. అయితే అక్షరాలు కూడబలుక్కునే బిడ్డ చేత జవాబులు ఎక్కించి రాయిస్తే పుస్తకం నిండుతుంది, చదువు రాదు. మూడో తరగతి దాటేలోగా అర్థం చేసుకుంటూ చదవడం రావాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ కూడా లక్ష్యం పెట్టుకుంది. తల్లిదండ్రులకు ఈ మాట ఓపికగా చెప్పి, గంటన్నరలో చివరి పావుగంట మాత్రమే హోంవర్కుకు ఇవ్వండి.

ప్రతి బిడ్డకూ ఒక పేజీ కేటాయించి, ఏ మెట్టు మీద ఉన్నదీ తేదీతో రాసి, రెండు నెలలకొకసారి కొత్త పేరాతో మళ్లీ చూడండి. మీరు మానుకోవలసి వస్తే ఒక నెల ముందే పిల్లలకు చెప్పి, ఆ పుస్తకాన్ని తరువాత వచ్చేవారికి అప్పగించి, మొదటి రెండు తరగతులు వారి పక్కనే కూర్చోండి.